ప్లగ్గు పెట్టి కొట్టే నెయిల్ గన్ను: ఇంట్లో చిన్న చెక్కపనులకు ఎట్ల వాడాల

మా వీధిలో ఆచారి మామ ఒకాయన ఉన్నాడు, నలభై ఏండ్లుగా చెక్కపనే. నేను నెయిల్ గన్ను కొన్న రోజు నా చేతిలో దాన్ని చూసి "ఏం అబ్బీ, తుపాకీ తెచ్చినావే" అని నవ్వినాడు. తర్వాత తనే చేతిలోకి తీసుకొని ప్లైవుడ్ ముక్క మీద రెండు మేకులు కొట్టి చూసి "తుపాకీ కాదు ఏమీ కాదు, కరెంటు సుత్తి ఇది" అని తేల్చేసినాడు. ఇన్నాళ్ళు వాడినాక నాకూ అదే కరెక్టు అనిపిస్తాది. సుత్తికి బలం చేతిలోంచి వస్తాది, దీనికి సాకెట్లోంచి వస్తాది, కాబట్టి సాకెట్లో దమ్ము లేకుంటే గన్నులోనూ దమ్ముండదు. అనంతపురంలో ఉండి ఈ గన్ను వాడేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఇదే, అందుకే దీనితోనే మొదలుపెడతాండా.

లోపల పెద్ద మాయ ఏం లేదు. రాగితీగ చుట్టిన కాయిల్ ఒకటి, దాని మధ్యలో ఇనుప కడ్డీ, కడ్డీ కొసన సన్నని బ్లేడు. ట్రిగ్గర్ నొక్కితే కాయిల్లోకి కరెంటు పోయి అయస్కాంతం అయితాది, కడ్డీని గబుక్కున కిందికి లాగుతాది, బ్లేడు మేకు నెత్తిన కొడతాది, స్ప్రింగు కడ్డీని మల్ల పైకి తెస్తాది. కార్పెంటర్లు వాడే ఎయిర్ గన్నుకైతే కంప్రెసర్ ట్యాంకులో గాలి నిల్వ ఉంటాది, దీంట్లో నిల్వ అనేదే లేదు, ఆ క్షణంలో సాకెట్లో ఎంత వోల్టేజీ ఉంటే అంత దెబ్బ. గన్ను మీద 2000 వాట్లు అని రాసి ఉంటాది కానీ అది గీజర్ మాదిరి ఆగకుండా లాగే కరెంటు కాదు, దెబ్బ పడే ఆ రవ్వంతసేపు లాగేది. ఆ రవ్వంతసేపట్లోనే వోల్టేజీ కిందికి పడిపోతే మేకు సగం దిగి సగం పైనే నిలబడిపోతాది.

నాకు ఇది తెలియక మొదటి వారం గన్నునే తిట్టుకున్నా. పొద్దున కొట్టిన మేకులన్నీ నున్నగా లోపలికి పోయినాయి, సాయంత్రం అదే ప్లైవుడ్డు, అవే మేకులు, ఒక్కొక్కటి రెండు మూడు ఎంఎం పైకి లేచి నిలబడినాయి. వారంటీలో మార్పించుకుందామని డబ్బాలో సర్దుతాంటే పక్కింటోళ్ళు బోరు మోటరు ఆన్ చేసినారు, మా ట్యూబులైటు ఒకసారి మసకబారింది. అప్పుడు మీటరు తెచ్చి సాకెట్లో పెడితే 195 చూపించింది, ఉండాల్సింది 230. వోల్టేజీ కొంచెం పడితే దెబ్బ కూడా అదే లెక్కన కొంచెం పడుతుందనుకుంటాం గానీ అంతకన్నా ఎక్కువే పడుతుంది, ఏంటికంటే కాయిల్ లాగే బలం కరెంటు తగ్గిన దానికన్నా వేగంగా తగ్గిపోతాది. అప్పట్నుంచి గన్ను పని మధ్యాహ్నం లోపలే, మోటర్లు ఆడని టైములో పెట్టుకుంటాండా.

ఎక్స్‌టెన్షన్ బోర్డు సంగతి కూడా ఇదే. ఇంట్లో సెల్లు చార్జింగుకు వాడే సన్నవైరు బోర్డుకు గన్ను పెడితే దారిలోనే వోల్టేజీ కరిగిపోతాది. వైరు కనీసం 1.5 స్క్వేర్ ఎంఎం ఉండాల, వీలైనంత పొట్టిగా ఉండాల, రీలు మాదిరి చుట్టే బోర్డయితే వైరంతా బయటకి లాగి పెట్టుకోవాల. గన్నుకు మూడు పిన్నుల ప్లగ్గు ఇచ్చింటే ఆ మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చే పని మాత్రం చేయొద్దండప్పా, అది ఎర్తింగు. కరెంటు పోయింది కదా అని ఇన్వర్టర్ మీద నడపడం కూడా వద్దు, దెబ్బ దెబ్బకూ ఒక్కసారిగా లాగుతాది కాబట్టి చిన్న ఇన్వర్టర్లు ఓవర్‌లోడ్ అని కూస్తాయి, గన్నుకూ మంచిది కాదు.

ఇంగ మేకులు. మా జేజి మొలలు అంటాది, అంగట్లో పిన్నులు అంటారు, ఏదన్నా అడగండి ఇస్తారు, కానీ నంబరు చెప్పాల. ఇంటి వాడకం కరెంటు గన్నుల్లో ఎక్కువగా పట్టేవి ఎఫ్ రకం మేకులు, ఎఫ్-15, ఎఫ్-20, ఎఫ్-25, ఎఫ్-30 అని ఉంటాయి, ఆ అంకె ఎంఎంలలో పొడవు. మందం మాత్రం అన్నింటికీ ఒకటే, 18 గేజ్, అంటే దాదాపు 1.2 ఎంఎం. గేజ్ అంకె పెరిగేకొద్దీ మేకు సన్నం, కాబట్టి 16 గేజ్ మేకు దీనికంటే లావు, అది ఈ గన్నులో పట్టదు. కొన్ని గన్నులు యు-పిన్నులు కూడా కొడతాయి, సోఫా గుడ్డకూ దోమల మెష్షుకూ అవి బాగుంటాయి. ఏ గన్ను ఏ సైజు తీసుకుంటాదో మ్యాగజైన్ మీదే, అంటే మేకులు పెట్టే పొడుగు గాడి మీదే రాసుంటాది, దానికి మించిన పొడుగు మేకు బలవంతంగా తోసినారంటే జామ్ గ్యారంటీ.

ఈ మేకుకు తల దాదాపు లేదు. అదే దీని అందం, అదే దీని బలహీనత. కొట్టిన చోట చిన్న గీత మాదిరి మచ్చ తప్ప ఏమీ కనపడదు, కానీ రెండు చెక్కల్ని పట్టి లాగితే తల లేదు కాబట్టి జారి వచ్చేస్తాది. అందుకని అసలు పట్టు ఫెవికాల్‌ది, మేకుది కాదు. ఫెవికాల్ ఆరేదాకా చెక్క కదలకుండా పట్టుకునే చెయ్యి మాత్రమే మేకు. చెక్కల్ని అదిమి పట్టే క్లాంపులు కొనే డబ్బులు, వాటిని బిగించే తిప్పలు మిగులుతాయి, ఈ గన్నుతో అసలు లాభం అది. కుర్చీ కాళ్ళు, మంచం, అటక మీద బరువు మోసే చెక్క, ఇట్లాంటివాటికి ఈ మేకులు నమ్ముకోవద్దు, ఆడ స్క్రూ వేయాల్సిందే. గోడకు, కాంక్రీటుకు కొట్టేదానికి కూడా ఇది కాదు, వాటి గన్నులు వేరే.

చెక్క సంగతి కూడా చెప్పాల. ప్లైవుడ్డు, ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక), పైన్ ప్యాకింగ్ చెక్క, బీడింగ్ పట్టీలు, వీటికి బాగా పనికొస్తాది. మన పల్లెల్లో పాత ఇండ్లు పడగొట్టినప్పుడు వచ్చే తుమ్మ దూలాలు, చింత చెక్క, ఎండి రాయి అయిపోయిన పాత వేప పలకలు, వీటి జోలికి పోతే మేకు మడతపడి పక్కకు లేస్తాది. నేను మా తాత కట్టించిన ఇంటి వేప తలుపు పలకతో పెట్టె చేద్దామని ఆశపడి పదకొండు మేకులు కొడితే తొమ్మిది వంకర పోయినాయి, చివరికి డ్రిల్లుతో సన్న బెజ్జం చేసుకొని స్క్రూలు వేసుకున్నా.

సరే, ఒక వస్తువు చేసి చూపిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. మన సైడు వంటిండ్లల్లో గూళ్ళు, అరలు అన్నీ కడప బండలే కదా, గట్టివే కానీ రెండు బండల మధ్య అడుగుపైన ఖాళీ ఉండి డబ్బాలన్నీ ఒకే వరసలో పెట్టాల్సి వస్తాది, పైన సగం గాలే. ఆ ఖాళీలో దూరే చిన్న రాక్ చేద్దాం. మా గూడు 30 ఇంచుల వెడల్పు, 16 ఇంచుల ఎత్తు. రాక్ 29 ఇంచుల వెడల్పు, 14 ఎత్తు, 8 లోతు పెట్టుకున్నా. 12 ఎంఎం ప్లైవుడ్డులో పక్కలకు 14 బై 8 ముక్కలు రెండు, పైనా మధ్యలో అరలకు 28 బై 8 ముక్కలు రెండు, మధ్య అర కింద ఆనుకునేదానికి ఒక నిలువు ముక్క, వెనక మూసేదానికి 6 ఎంఎం ప్లై 29 బై 14 ఒకటి, అరల కొసల కింద పెట్టేదానికి ఇంచు వెడల్పు పట్టీలు నాలుగు, ఈ పట్టీలూ 12 ఎంఎం ప్లైలోవే. అడుగు పలక అక్కర్లేదు, బండ మీదే కూర్చుంటాది. వంటిల్లు తడి చోటు కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై అయితే మేలు, ఐఎస్ 303 రకం బెడ్రూముకు చాలు. ముక్కలు అంగట్లోనే మిషన్ మీద కోయించుకోండి, చేతి రంపంతో కోస్తే అంచు వంకర వస్తాది, అంచు వంకరొస్తే ఎంత మంచి గన్నున్నా ముక్కలు కలిసే కీలు కుదరదు.

ముందు వృథా ముక్క మీద నాలుగు మేకులు కొట్టి చూడండి. పవర్ తిప్పే చక్రం ఉంటే తక్కువ నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి, మేకు తల చెక్క కంటే ఒక ఎంఎం లోపలికి పోయేచోట ఆపండి. గన్నును చెక్కకు నిట్టనిలువుగా పెట్టి, ముక్కును గట్టిగా అదిమి, అప్పుడే ట్రిగ్గర్ నొక్కాల. అదమడంలో బద్ధకిస్తే దెబ్బకు గన్ను పైకి ఎగురుతాది, మేకు పైనే నిలబడతాది, మనం వోల్టేజీ తక్కువుందేమో అనుకుంటాం. ఈ రెండింటి తేడా ఎట్ల తెలుస్తుందంటే, అన్ని మేకులూ ఒకే ఎత్తున నిలబడితే కరెంటు తప్పు, ఒకటి దిగి ఒకటి దిగక ఉంటే చేతి తప్పు. రెండో చెయ్యి గన్ను నెత్తిన పెట్టి నొక్కితే సగం మేకులు అవే దారికొస్తాయి.

ఇప్పుడు పట్టీలు. పక్క పలకల లోపలివైపు, పై అంచు నుంచి 12 ఎంఎం వదిలి ఒక పట్టీ, సరిగ్గా మధ్యలో ఒక పట్టీ, పెన్సిలుతో గీత గీసి మూలమట్టంతో సరిచూసుకోండి. పట్టీ వెనక ఫెవికాల్ పల్చగా రాసి, గీతకు ఆనించి, రెండు మేకులు. ఏ సైజు? ఈడ లెక్క చూసుకోవాల. పట్టీ 12, పలక 12, మొత్తం 24 ఎంఎం. ఎఫ్-20 అయితే లోపలే ఆగుతాది, ఎఫ్-25 వేస్తే ఒక ఎంఎం మొన అవతలకి తేలుతాది. ఒక ఎంఎం ఎంత అనుకోవద్దు, తల ఎట్లాగూ లోపలికి దిగుతాది కాబట్టి మొన ఇంకా ముందుకు పోతాది, నేను ఎఫ్-25 వేసి పలకను అరచేత్తో తుడిచినా, గీరుకుపోయింది. ఆ పలకను పారేయలేక మొనలన్నీ ఆకురాయితో అరగదీసుకుంటూ అరగంట కూర్చున్నా.

పట్టీలు ఆరినాక అరలు. ఫెవికాల్ అర కొసకూ పట్టీ నెత్తికీ రెండింటికీ రాయండి, ఎండాకాలంలో మన ఊర్లో ఫెవికాల్ పైపొర రెండు మూడు నిమిషాల్లోనే చర్మం కడతాది, కాబట్టి అన్నింటికీ ఒకేసారి రాసి పెట్టుకోకుండా ఒక్కో కీలు రాయడం, వెంటనే కొట్టడం. పక్క పలక బయటవైపు నుంచి అర అంచులోకి ఎఫ్-30 కొడతాం, 12 పలకలో పోతే 18 అరలోకి దిగుతాది. అర మందం 12 కాబట్టి మేకు దాని నడిమధ్యన పడాల, అంటే అంచు నుంచి 6 ఎంఎం, దీనికి పలక బయటవైపు కూడా పెన్సిలు గీత గీసుకోండి, కంటి అంచనాకు వదిలేస్తే నాలుగు మేకుల్లో ఒకటి ఖచ్చితంగా అరలోకి కాకుండా గాల్లోకి తేలుతాది. కొసల నుంచి ఇంచు లోపలికి జరిగి మొదటి మేకు, తర్వాత రెండించులకొకటి. అన్నీ నిలువుగా కాకుండా ఒకటి రవ్వంత ఎడమకు, ఒకటి రవ్వంత కుడికి వాల్చి కొడితే రెండు మేకులు కలిసి ఎదురెదురుగా పట్టుకున్నట్టు అయితాది, లాగినా సులభంగా రావు. మరీ వాల్చొద్దు, 12 ఎంఎంలో అంత చోటు లేదు.

రెండో చెయ్యి యాడ పెట్టినారో ఈ దశలోనే చూసుకోవాల. చెక్కలో ముడి తగిలితే సన్న మేకు లోపల్లోపలే తిరిగి పక్కనుంచి బయటకొస్తాది, ఏ వైపు వస్తాదో చెప్పలేం. నా ఎడమ చూపుడువేలు గోరు పక్కన సన్న మచ్చ అట్ల వచ్చిందే, అరను వేళ్ళతో పట్టుకొని సరిగ్గా మేకు దిగే చోటనే పట్టుకున్నా, టప్ అన్న శబ్దం విన్నాక ఒక క్షణానికి గానీ నొప్పి తెలియలేదు. చెయ్యి జానెడు దూరంలో పెట్టండి, అంత దూరంలో పట్టుకునే వీలు లేకపోతే సి-క్లాంపుతో పట్టించండి. కండ్లకు అద్దాలు తప్పకుండా, మామూలు సైటు అద్దాలు కాదు, పక్కలు మూసుండేవి, తెగిన మేకు ముక్క ఎగిరితే యాడికి పోతాదో తెలీదు. చెక్క అవతలవైపు పిల్లోళ్ళు, పిల్లి, ఎవరూ ఉండకుండా చూసుకోండి. గన్ను ముక్కు దగ్గర ఉండే సేఫ్టీ, అదేనండి నొక్కితేనే ట్రిగ్గర్ పనిచేసే ముక్క, అది అడ్డమని రబ్బరు బ్యాండు కట్టేసేవాళ్ళను చూసినా, అట్లాంటి గన్ను నా ఇంట్లోకి రానివ్వను.

నిలువు ముక్క మధ్య అర కింద ఆనించి పైనుంచి రెండు ఎఫ్-30లు. దీని పని బరువును బండ మీదికి దింపడం, పప్పుల డబ్బాలు పెడితే 28 ఇంచుల 12 ఎంఎం ప్లై నడుము వంగుతాది లేకపోతే. ఆఖరున వెనక ప్లై. ఇది కొట్టే ముందు టేపుతో మూల నుంచి మూలకు అడ్డంగా రెండువైపులా కొలవండి, రెండూ సమానమైతే పెట్టె మూలలు మూలమట్టానికి ఉన్నట్టు, తేడా ఉంటే పొడుగు మూలలు పట్టి కొంచెం నొక్కి సరిచేసి అప్పుడు ఫెవికాల్, మేకులు. పల్చటి చెక్కకు దాని మందానికి మూడింతల పొడుగు మేకు అనేది లెక్క, 6 ఎంఎంకు మూడింతలు 18, దగ్గర్లో ఎఫ్-20 ఉంది, సరిపోతాది. పక్క పలకకైతే ఆ లెక్కన 36 కావాల, గన్ను 30 దాటదు, అందుకే కదా కింద పట్టీలు పెట్టింది.

ఇరవై ముప్పై మేకులు వరసగా కొట్టినాక గన్నును కొంచేపు పక్కన పెట్టండి. కాయిల్ వేడెక్కితే దానికి దమ్ము తగ్గుతాది, మే నెలలో మన ఎండకు ఇంకా బిరిన వేడెక్కుతాది. పట్టుకునే చోట వెచ్చగా ఉంటే పర్వాలేదు, వార్నీష్ కాలిన మాదిరి వాసన వస్తే మాత్రం వెంటనే ప్లగ్గు పీకండి. మేకులు అయిపోయినాక ఖాళీ గన్ను టపటపా కొట్టడం కూడా మంచిది కాదు, ఆ దెబ్బ చెక్కకు పోకుండా లోపలి రబ్బరుకు తగులుతాది. మ్యాగజైన్ పక్కన కిటికీ మాదిరి సందు ఉంటాది, ఎన్ని మిగిలినాయో ఆడ చూసుకుంటా పోండి.

జామ్ అయినప్పుడు, అవుతాది ఎట్లాగూ, మొదటి పని ప్లగ్గు పీకడం. స్విచ్ ఆఫ్ చేయడం కాదు, ప్లగ్గు పీకి కంటికి కనపడేచోట పెట్టుకోవడం. తర్వాత మ్యాగజైన్ వెనక్కి లాగి స్ట్రిప్పు, అంటే జిగురుతో వరసగా అతికించిన మేకుల కట్ట, మొత్తం బయటకు తీయాల, ముక్కు దగ్గర చూస్తే మడతపడిన మేకు ఒకటి బ్లేడుకూ గాడికీ మధ్య ఇరుక్కొని ఉంటాది, నోస్ ప్లయర్‌తో పట్టి వచ్చిన దారినే లాగండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదోస్తే బ్లేడు అంచు దెబ్బతింటాది, అంచు దెబ్బతింటే ప్రతి మేకూ జామే. మా గన్ను ఎక్కువగా జామ్ అయ్యేది స్ట్రిప్పు కొసన మిగిలే ఏడెనిమిది మేకులతో, వాటిని జిగురు విడిపోయిన ముక్కలతో కలిపి వేసినప్పుడు, ఇప్పుడు అట్లాంటివి విడిగా తీసి పెట్టి చేతి సుత్తితో కొట్టే పనులకు వాడుతాండా.

పైకి నిలబడిన మేకుల్ని సుత్తితో నేరుగా కొడితే ప్లై మీద గుండ్రటి సొట్ట పడుతుంది, నెయిల్ పంచ్ పెట్టి కొట్టండి, పంచ్ లేకపోతే లావు మేకు మొన అరగదీసి వాడుకోవచ్చు. బెజ్జాల్లోకి ఫెవికాల్‌లో సన్న రంపపు పొట్టు కలిపి నూరుకొని పూసి, ఆరినాక సాండ్ పేపర్ పట్టండి. పాలీష్ వేసే ఉద్దేశముంటే మాత్రం ఈ పూత వేయొద్దు, పాలీష్ రంగు దానికి పట్టక తెల్ల మచ్చలుగా మిగిలిపోతాయి, చెక్క రంగు వుడ్ ఫిల్లర్ తెచ్చుకోండి. సన్మైక అతికించేదైతే మేకులన్నీ ముందే కొట్టేసి, సాండ్ పేపర్ పట్టినాకే అతికించాల, సన్మైక మీద నుంచి కొడితే చుట్టూ పెచ్చులూడుతాది. రాక్‌ను ఒక రోజంతా కదపకుండా ఆరనిచ్చి, తర్వాతే గూట్లో పెట్టి డబ్బాలు సర్దండి.

నేల మీద పడిన మేకులు చీపురుకు దొరకవు, పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం ఒక గుడ్డలో కట్టి నేలంతా తిప్పితే అన్నీ అతుక్కొస్తాయి, గుడ్డ విప్పితే రాలిపోతాయి, మా ఇంట్లో అందరూ వట్టికాళ్ళతోనే తిరుగుతారు కాబట్టి పని అయినాక ఇది మానను. గన్నులోంచి స్ట్రిప్పు తీసేసి, ముక్కు దగ్గర దుమ్ము పాత టూత్ బ్రష్షుతో దులిపి పెట్టండి, ఎయిర్ గన్నుకు వేసినట్టు దీంట్లో నూనె వేయొద్దు, నూనెకు రంపపు పొట్టు అంటి ముద్ద కడతాది. మేకులు కొన్న డబ్బాల్లోనే ఉంచండి, ఎఫ్-20, ఎఫ్-25 పక్కపక్కన పెట్టకపోతే కంటికి తేడా తెలీదు. చోటు కలిసొస్తుందని నేను రెండూ ఒకే హార్లిక్స్ సీసాలో పోసుకున్నా, ఇప్పుడు ఒక్కో స్ట్రిప్పును స్కేలు మీద పెట్టి ఏరుకుంటాండా.